వివక్ష లేని బడి: నిర్ణయాల్లో అందరికీ చోటు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు, సంరక్షకులకు నమస్కారములు.

పరీక్షల తేదీలు, యూనిఫాం వివరాలు ఈ వార్తాలేఖ చివరి పేజీలో ఇచ్చాము. ఈ పేజీని మాత్రం మన పిల్లల మధ్య కులాన్ని బట్టి, తెగను బట్టి, ఒంటి రంగును బట్టి, అమ్మానాన్నలు చేసే పనిని బట్టి జరిగే వివక్షను తొలగించే విషయానికి కేటాయిస్తున్నాను. ఇది ప్రధానోపాధ్యాయురాలు ఒక్కతే చేయగలిగిన పని కాదు. అలాగని అందరి బాధ్యత అని చెప్పి ఊరుకుంటే ఎవరికీ పట్టదు. అందువల్ల ఏ నిర్ణయంలో ఎవరికి చోటుండాలన్నది స్పష్టంగా తేల్చుకోవలసిన అవసరం ఉంది.

తరగతిలో ఒక జామెట్రీ బాక్సు కనిపించకపోతే, ఎవరూ నోరు తెరవకముందే కొందరి చూపులు గిరిజన కాలనీ నుంచి వచ్చే పిల్లల సంచుల మీదికి పోతాయి. ఈ అనుమానానికి మన జిల్లాలో పాత వేళ్ళున్నాయి. బ్రిటిష్ ప్రభుత్వం 1871లో తెచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేసి, ఎరుకల వంటి తెగలలో పుట్టినవారిని పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టి, కావలి ప్రాంతంలో సెటిల్‌మెంటు అనే ప్రత్యేక నివాసంలో ఉంచి కాపలా పెట్టారు. ఆ చట్టం 1952లో దేశమంతటా రద్దయింది. రద్దయిన ఏడు దశాబ్దాల తరువాత కూడా పదేళ్ళ పిల్లల కళ్ళలో అదే అనుమానం కనిపిస్తున్నదంటే, అది పెద్దల మాటల్లోంచి వచ్చినదే. రొయ్యల గుంటల మీద పనిచేసే వారి బిడ్డ పక్కన కూర్చున్నప్పుడు ముక్కు మూసుకోవడం, చామనఛాయకన్నా నల్లగా ఉన్న పిల్లవాణ్ణి పేరుతో కాక "కర్రోడా" అని పిలవడం కూడా ఈ కోవలోనివే. వీటిని చిన్నపిల్లల ఆటలుగా తీసిపారేయడానికి నేను సిద్ధంగా లేను.

జాతి వివక్ష అనగానే మనకు అమెరికా, దక్షిణాఫ్రికా గుర్తుకొస్తాయి. కానీ 1965లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన జాతి వివక్ష నిర్మూలన ఒప్పందం జాతితో, రంగుతో పాటు వంశాన్ని బట్టి చూపే తేడాను కూడా వివక్షగానే నిర్వచించింది. మన దేశం 1968లో ఆ ఒప్పందాన్ని ధ్రువీకరించింది. అంతకు ముందే మన రాజ్యాంగం 15వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం అనే అయిదింటినీ ఒకే వరసలో చేర్చి, వాటిని బట్టి చూపే వివక్షను నిషేధించింది. మన జిల్లాకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ పొట్టి శ్రీరాములుగారు 1946లో నెల్లూరు మూలాపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలోకి దళితులకు ప్రవేశం కావాలని నిరాహార దీక్ష చేశారు. ఆ గుడి తలుపులు ఆయనకు ఎప్పుడూ తెరిచే ఉన్నాయి. మూసి ఉన్నది ఇతరులకు. ఆయన పేరును ప్రత్యేక రాష్ట్రంతో పాటు ఈ దీక్షతో కూడా కలిపి మన పిల్లలకు చెప్పాలని ఉపాధ్యాయులను కోరాను.

ఇక నిర్ణయాల సంగతి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి. సగం మంది స్త్రీలై ఉండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన ప్రాతినిధ్యం ఉండాలి. కాగితం మీద మన కమిటీ ఈ లెక్కకు సరిపోతుంది. అయితే పగలు పదకొండు గంటలకు సమావేశం పెడితే, నాట్లకో రొయ్యల గుంటలకో వెళ్ళే తల్లి ఆ రోజు కూలి వదులుకుని రావాలి. రాలేకపోతే "వాళ్ళకు ఆసక్తి లేదు" అని మనమే అనేస్తాము. గత సమావేశానికి వచ్చిన కాలనీ తండ్రి ఒకరు, "మా పిల్లోళ్ళ గొడవ వచ్చినప్పుడే పిలస్తన్నారు మేడమ్, గ్రాంటు లెక్కలు చూసేటప్పుడు గూడా పిలవండి" అన్నారు. ఈ విషయంలో నేను విన్న మాటలన్నింటిలో ఇది ముఖ్యమైనదని నా అభిప్రాయం. బాధపడినప్పుడు సాక్ష్యం చెప్పించుకుని, డబ్బు దగ్గర పక్కన పెడితే దాన్ని భాగస్వామ్యం అనలేము.

ఇకపై కమిటీ సమావేశాలు సాయంత్రం ఆరున్నరకు, ఒక నెల బడిలో, మరొక నెల గిరిజన కాలనీలో జరుగుతాయి. గ్రాంటు ఖర్చుల పుస్తకాన్ని అందరి ముందూ చదివి వినిపిస్తాము. స్కాలర్‌షిప్ కాగితాల కోసం తరగతిలో "ఎస్సీ, ఎస్టీ పిల్లలు లేచి నిలబడండి" అని ఇక మీదట ఎవరూ అనరు. ఆ వివరాలు ఆఫీసు గదిలో తల్లిదండ్రుల దగ్గరే తీసుకుంటాము. మధ్యాహ్న భోజనంలో పంక్తి రోజూ మారుతుంది, దాన్ని చూసుకునే బాధ్యత వంట చేసే అమ్మకు, ఏడవ తరగతి పిల్లలకు కలిపి అప్పగించాము. ఏ పనికైనా పిల్లలను పురమాయించేటప్పుడు వరస పట్టిక గోడ మీద ఉంటుంది. వస్తువు పోతే ఏ ఒక్కరి సంచీ వెతకరాదు.

బడిలో కులం మాట ఎత్తితే కులం పెరుగుతుందని కొందరు తల్లిదండ్రులు నాతో అన్నారు. వారి ఆందోళన నిజాయితీతో కూడినదే. కానీ రోజూ ఆ మాటలు పడుతున్న బిడ్డకు మన మౌనం వల్ల కలిగే మేలు ఏమీ లేదు. ఆ బిడ్డ బడి మానేస్తే కారణం ఏ రిజిస్టరులోనూ ఉండదు.

కమిటీలో రెండు స్థానాలు ఖాళీగా ఉన్నాయి. పోటీ చేయదలచినవారు, ముఖ్యంగా ఇంతవరకూ సమావేశానికి రాని తల్లులు, ఈ నెలాఖరులోగా ఆఫీసులో పేరు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. సంతకం రాకపోయినా పేరు చెబితే చాలు, మేము రాసుకుంటాము. వచ్చే సమావేశం రెండవ శనివారం కాలనీలో జరుగుతుంది. పంట కాలువ ఇవతల ఉన్న వీధుల తల్లిదండ్రులు కూడా అక్కడికే రావాలి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు