మాస్టారికీ, ట్యూబు కుర్రాళ్లకీ, చర్చి యూత్‌కీ కృతజ్ఞతలు

ఇల్లు కడగడం అయింది, కరెంటు వచ్చింది, అమ్మ షుగరు అదుపులో పడింది. బుడమేరు వరదలో మమ్మల్ని ఆదుకున్నవాళ్లలో కొందరికి ఫోన్ చేసి చెప్పుకున్నాను. కొందరి నంబర్లు లేవు, అసలు పేర్లే తెలియవు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా మా పై వాటా మాస్టారికి. 2024 సెప్టెంబరు 1, ఆదివారం. చర్చిలో ఆరాధనకి తయారవుతున్నాం. బెజవాడ సింగ్‌నగర్‌లో మా వీధిలోకి నీళ్లు రావడం కొత్త కాదు కాబట్టి బియ్యం బస్తా మంచమెక్కిస్తే చాలనుకున్నాం. మాస్టారు మెట్లు దిగొచ్చి "బస్తా సంగతి తర్వాత, ముందు అమ్మగారిని పైకి తీసుకురా" అని కసిరారు. సాయంత్రానికి ఆ మంచమే కనపడలేదు.

అమ్మకి ఇన్సులిన్ లేకపోతే గడవదు. కరెంటు పోయింది, ఫ్రిజ్ ఉన్నా లేనట్టే. మాస్టారు అటక మీంచి పాత మంచినీళ్ల కుండ దింపి, డాబా మీద పట్టిన వాన నీళ్లు సగం పోశారు. ఇన్సులిన్ సీసాని మూత గట్టిగా ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి ఆ నీళ్లలో వదిలారు. కుండకి తడి తువ్వాలు చుట్టి గాలి తగిలే వరండాలో ఉంచారు. తువ్వాలు ఆరితే లాభం లేదు. అందుకని అర్ధరాత్రి కూడా లేచి తడిపేవారు, చెంబు చప్పుడు మాకు వినపడేది. నేను తడుపుతానంటే "నీకు నిద్ర ఎక్కువ, నమ్మను" అనేవారు.

మాస్టారు నాస్తికులు. ఇంట్లో దేవుడి గూడు ఉండదు సరికదా, గోడ మీద క్యాలెండరుకి కూడా దేవుడి బొమ్మ లేదు. మా అమ్మేమో రాత్రి ప్రార్థన వీధి చివరికి వినపడేలా చేస్తుంది. "మాస్టారికి రక్షణ దయచేయి ప్రభువా" అని అందుకుంది. ఆయన తువ్వాలు పిండుతూ "మేడ మీదే ఉన్నాం కదా అమ్మగారూ, ప్రస్తుతానికి రక్షణలోనే ఉన్నాం" అన్నారు. అమ్మ నవ్వు ఆపుకోలేక ఆమెన్ చెప్పేసింది.

లారీ ట్యూబులకి తలుపు చెక్క కట్టుకుని పాలూ మంచినీళ్లూ తెచ్చిన కుర్రాళ్లకి దండాలు. గుంటూరు నుంచి వ్యాను వేసుకొచ్చిన చర్చి యూత్‌కి కూడా. పులిహోర పొట్లాలు వీధి మొత్తానికి పంచారు, ఎవరినీ ఏ చర్చి అని అడగలేదు. "ప్రభువు చెప్పాడు కాబట్టి వచ్చాం" అన్నారు. ఆ మాట నేను నమ్ముతాను, ఆ పిల్లల్ని మోకాలి లోతు బురదలోకి దింపింది వాళ్ల విశ్వాసమే. అదే వారం షట్టరు మీద బైబిలు వాక్యం రాయించుకున్న ఒక కొట్టాయన మంచినీళ్ల టిన్ను ఎంతకి అమ్మాడో మాత్రం రాయను. కృతజ్ఞతల పోస్టులో బాగోదు.

ఇక అసలు రాయాలనుకున్నది. మమ్మల్ని చూడ్డానికొచ్చిన మా పిన్ని కుండ సంగతి విని కళ్లు తుడుచుకుని, "మాస్టారిది పేరుకే నాస్తికత్వం, మనసు మాత్రం అచ్చం క్రైస్తవుడిదే" అంది. పొగడ్తే, ప్రేమతో అన్నదే. కానీ మాస్టారి మొహం చిన్నబోయింది. నిద్ర మానుకుని కుండ తడిపింది ఆయనైతే, ఆ పుణ్యం మన ఖాతాలో రాసుకోవడం ఏంటి పిన్నీ?

యేసు చెప్పిన మంచి సమరయుడి కథ మన సండే స్కూలు పిల్లలందరికీ వచ్చు. దెబ్బలు తిని పడి ఉన్నవాణ్ణి చూసి యాజకుడు పక్కనుంచి పోయాడు, గుడి సేవ చేసే లేవీయుడూ పోయాడు. వింటున్న యూదులకి అసలు గిట్టని సమరయ జాతివాడు ఆగి, గాయాలు కట్టి, పూటకూళ్ల ఇంటికి చేర్చి, మర్నాడు రెండు దేనారాలు ఇచ్చి తన దారిన తను పోయాడు. అక్కడితో కథ అయిపోయింది. తర్వాత అతను మతం మారాడని గానీ, లోలోపల మనవాడేనని గానీ యేసు చెప్పలేదు. సమరయుణ్ణి సమరయుడిగానే ఉంచాడు.

బెజవాడ వాళ్లకి ఇది కొత్తగా చెప్పాలా? గోరా గారు 1940లో ముదునూరులో మొదలుపెట్టి 1947లో ఇక్కడికి తెచ్చిన నాస్తిక కేంద్రం పటమటలోనే ఉంది. ఆయన కోడలు హేమలత మహాకవి జాషువా కూతురు, క్రైస్తవ ఇంట్లో పుట్టిన మనిషి. స్టువర్టుపురం ఎరుకలవాళ్ల మీద బ్రిటిషువాళ్లు దొంగల జాతి అని ముద్ర వేసినప్పుడు ఆ సెటిల్‌మెంటు నడిపింది సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ. అది సేవో కాపలానో ఇప్పటికీ వాదించుకోవచ్చు. 1970ల్లో అదే ఊళ్లో తిరిగి, దొంగతనాలు మాన్పించడానికి పూనుకున్నది హేమలత, లవణం దంపతులు. దేవుడి పేరు ఎత్తకుండానే.

నా మటుకు నేను యేసుని వదలను. ఎవరినైనా కసురుకోబోతే నోరు ఆగేది ఆయన మాట గుర్తొచ్చే, అదీ ఎప్పుడో గానీ ఆగదు. మాస్టారి నోరు ఎందుకు ఆగుతుందో ఆయన్నే అడిగాను. "ఎవరన్నారు ఆగుతుందని?" అన్నారు.

వచ్చే ఆదివారం చర్చిలో కృతజ్ఞతా కూడిక. మాస్టారిని పిలిచాం. తన మారుమనసు కోసం ప్రార్థన చెయ్యబోమని మాటిస్తే వస్తానన్నారు. పాస్టరుగారు ఒప్పుకున్నారు, అమ్మే ఇంకా ఒప్పుకోలేదు. ట్యూబు కుర్రాళ్లు ఎవరో తెలిసినవాళ్లు కామెంట్లో చెప్పండి. ఒకడికి ఎడమ చేతికి కట్టు ఉంది, ఇంకొకణ్ణి మిగతావాళ్లు చిన్నా అని పిలిచారు. కూడిక అయ్యాక మా ఇంట్లోనే భోజనాలు.