ఇంటి గేటుకు కట్టిన పలకకూ వ్యాపార ప్రకటనకూ ఒకే నిబంధనా?

గౌరవనీయులైన రాష్ట్ర పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలతో కోనసీమలోని ఒక చిన్న పట్టణం నుంచి రాస్తున్నాను. మా ప్రహరీని ఆనుకుని పంట బోదె పారుతుంది. అందులో పడేసిన ప్లాస్టిక్ సంచులు తూము దగ్గర అడ్డుపడి చివరి పొలాలకు నీరందడం లేదని రైతులు మొత్తుకుంటుంటే, నా భార్య మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ ముక్క మీద ‘దయచేసి బోదెలో చెత్త వేయకండి’ అని నీలం రంగుతో రాసి, గేటు లోపలి వైపున కొబ్బరి తాడుతో కట్టింది. పదకొండో రోజున పురపాలక సిబ్బంది, అనుమతి లేని ప్రకటన బోర్డులను తొలగిస్తూ, ఆ తాడు కోసి పలకను ట్రాక్టరులో వేసుకుపోయారు. రుసుము కట్టి దరఖాస్తు చేసుకోమన్నారు. ఆ పత్రంలో మొదటి గడి ‘సంస్థ పేరు’, రెండోది ‘వ్యాపార స్వభావం’. ఏం రాయాలో మాకు తోచలేదు. సెంటరులో కరెంటు స్తంభాలకు కట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీ మాత్రం, మలుపు తిరిగే ఆటోలు కనబడకుండా, ఆ రోజంతా అక్కడే ఉంది.

2022లో ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించినప్పుడు సంతోషించినవారిలో నేనొకణ్ణి. రోడ్డు మీద, స్తంభాల మీద, చెట్లకు మేకులు కొట్టి పెట్టేవాటిని ఎంత కఠినంగా తీసేసినా నాకు అభ్యంతరం లేదు. నా అభ్యంతరమల్లా సొంత స్థలంలో, లాభాపేక్ష లేకుండా, కొద్ది రోజుల కోసం పెట్టుకునే చిన్న బోర్డును కూడా అదే గాటన కట్టడం గురించే. వేసవిలో అరుగు మీద చలివేంద్రం పెట్టినవారు, పెళ్లింటికి దారి చూపేవారు, పెద్దకర్మ తేదీ తెలిపేవారు ప్రకటనదారులు కారు.

ఈ చిక్కు మనకొక్కరికే రాలేదు. అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని గిల్బర్ట్ పట్టణం తాత్కాలిక బోర్డులను వాటి మీది రాతను బట్టి విడదీసింది. రాజకీయ బోర్డుకు 32 చదరపు అడుగుల దాకా అనుమతించి, ప్రార్థనా సమావేశానికి దారి చూపే బోర్డుకు మాత్రం 6 చదరపు అడుగులే ఇచ్చి, సమావేశం ముగిసిన గంటలోపు దాన్ని తీసేయాలంది. 2015లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆ నిబంధన చెల్లదంది. పరిమాణం, వెలుతురు వంటి వాటిని నియంత్రించే దారి మాత్రం పట్టణాలకు ఉంచింది. ఆ తీర్పు మనల్ని కట్టిపడేయదు గానీ, మన రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం కింద భావ ప్రకటన హక్కు ఉన్న చోట ఆ తర్కం పరాయిదేమీ కాదు.

కాబట్టి ప్రహరీ లోపల, 6 చదరపు అడుగులకు మించకుండా (మా పలక సరిగ్గా అంతే), మలుపులో చూపుకు అడ్డం రాకుండా పెట్టే వ్యాపారేతర బోర్డుకు అనుమతి, రుసుము అక్కర్లేదని అన్ని పురపాలక సంఘాలకూ స్పష్టమైన ఉత్తర్వు ఇవ్వవలసిందిగా ప్రార్థిస్తున్నాను. వేడుకకు సంబంధించిన బోర్డును అది ముగిసిన రెండు రోజుల్లో యజమానే తీసేయాలనీ, తీయకపోతే ముందు నోటీసు ఇచ్చాకే సిబ్బంది ముట్టుకోవాలనీ అందులో ఉంటే మరీ మంచిది. బోర్డు మీద ఏం రాసి ఉందన్నది, వ్యాపారమా కాదా అని చూడటం వరకే పరిమితం కావాలి.

మా పలక పురపాలక కార్యాలయం వెనుక షెడ్డులో ఫ్లెక్సీ చుట్టల కింద ఉందని తెలిసింది. దాన్ని తిరిగి ఇప్పిస్తే, మీ ఉత్తర్వు వచ్చేదాకా వరండాలోనే ఉంచుతాం.

భవదీయుడు,
కోనసీమ నుంచి ఒక పౌరుడు