అమ్మకు తోడుగా నిలిచిన మీకందరికీ వందనాలు

అందరికీ వందనాలు.

అమ్మ పోయాక జరిపిన ఆదరణ కూడిక అయ్యి వారమైంది. ఆ రోజు కృతజ్ఞతలు చెప్పాలని కాగితం మీద రాసుకుని మైకు దగ్గరకు వెళ్ళాను. రెండు వాక్యాలు చదివేసరికి గొంతు పూడుకుపోయింది, వచ్చి కూర్చుండిపోయాను. ఎవరైనా మనకు ఏదైనా చేస్తే సాయంత్రం లోపల వెళ్ళి చెప్పి రావాలనేది అమ్మ పద్ధతి. ఇప్పటికే ఆలస్యమైంది. పేర్లు వేయొద్దని మీలో చాలామంది ముందే అన్నారు కాబట్టి వేయడం లేదు. చదువుతుంటే ఎవరి గురించో మీకే తెలుస్తుంది.

జూన్‌లో ఒక తెల్లవారుజామున అమ్మ మంచం మీద నుంచి లేవలేకపోయింది. మూతి ఒక పక్కకు వంగింది. కుడి చేయి లేవలేదు. పిలిస్తే నా వైపు చూసింది కానీ మాట రాలేదు. కింది వాటాలో ఉండే ఆటో అన్న నా కేక విని పైకి పరుగెత్తుకొచ్చి, అమ్మను రెండు చేతుల మీద ఎత్తుకుని మెట్లు దిగాడు. చెన్నైలో మా పెరంబూరు వంతెన మీద ఆ ఉదయం ఆయన ఆటో నడిపిన తీరు నేను మర్చిపోలేను. స్ట్రోక్ అన్నారు. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. అమ్మ రాత్రి పదింటికి మాట్లాడి పడుకుంది, ఆ తర్వాత ఏ వేళకు వచ్చిందో మాకు తెలియదు. అందుకని ఇవ్వలేకపోయారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. ముఖం వంకరపోవడం, చేయి పడిపోవడం, మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా టైం చూసుకుని వెంటనే బయల్దేరండి. తెల్లారాక చూద్దాం అనుకోవద్దు.

పన్నెండో రోజున ఇంటికి పంపేశారు. ముక్కులో ట్యూబ్, పక్కన యూరిన్ బ్యాగ్. ఎలా చూసుకోవాలో ఆ ఆస్పత్రిలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఆ రాత్రి నాకూ తమ్ముడికీ పట్టిన టెన్షన్ అంతా ఇంతా కాదు. మర్నాడు పొద్దున్నే తలుపు తట్టిన అక్కా, మీకు మొదటి వందనం. నర్సుగా రిటైరయ్యి హాయిగా ఇంట్లో ఉన్న మీరు, ఎప్పుడో నాలుగో తరగతిలో చదువు చెప్పిన టీచర్ కోసం రెండు బస్సులు మారి వచ్చారు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలని, ట్యూబ్‌లో పోసేటప్పుడు తల ఎత్తి ఉంచాలని, పోశాక అరగంట అలాగే కూర్చోబెట్టాలని మా చేత చేయించి చూపించారు. అయిదు నెలలు మంచంలో ఉన్నా అమ్మ వీపు మీద ఒక్క పుండు పడలేదంటే అది మీ చలవే. ఇంటికే వైద్యం పంపే తమిళనాడు ప్రభుత్వ పథకం 'మక్కళై తేడి మరుత్తువం' కింద వచ్చిన సిస్టర్‌కూ, ఫిజియోథెరపీ చేసిన అబ్బాయికీ కూడా వందనాలు. 2021లో ఆ పథకం మొదలైనప్పుడు అది మా గడప దాకా వస్తుందని నేను అనుకోలేదు.

ఇక అసలు చెప్పాల్సింది సాయంత్రం క్లాసు గురించి. దానికి కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అమ్మ 1947లో పెరంబూరులోనే పుట్టింది. తాతయ్య రైల్వే వర్క్‌షాపులో పనికి ఒంగోలు వైపు నుంచి వచ్చారు. అమ్మ ముత్తాత గురించి మా ఇంట్లో కుటుంబ ప్రార్థన తర్వాత ఎన్నిసార్లు విన్నామో. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చారు. ఆ తవ్వినవాళ్ళలో ముత్తాత ఒకడు. అప్పటికి మీసం కూడా రాని కుర్రాడట. కూలి కోసం మతం మార్చారన్న మాట రాకూడదని క్లౌ గారు ఆ కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టాక 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కాలువే మా వ్యాసర్పాడి పక్కనుంచి, బేసిన్ బ్రిడ్జి దగ్గర నుంచి పోతుంది. ఇప్పుడు నల్లగా, వాసన కొడుతూ ఉంటుంది. బస్సులో ముక్కు మూసుకుంటే అమ్మ మా చేయి కిందికి దించేది. "మనవాళ్ళు గంపలతో మట్టి మోసిన కాలువమ్మా ఇది" అనేది.

ముప్పై ఏళ్ళకు పైగా ఉత్తర చెన్నైలో తెలుగు మీడియం పిల్లలకు పాఠం చెప్పి 2005లో రిటైరైంది. మరుసటి ఏడాదే ప్రభుత్వం పదో తరగతి వరకు తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికో తరగతి చొప్పున పెరుగుతూ 2015-16 నాటికి పదో తరగతి దాకా వచ్చింది. చాలామంది టీచర్లు బాధపడ్డారు. అమ్మ బాధపడుతూ కూర్చోలేదు. "తమిళం మనకు అన్నం పెడుతున్న భాష, బాగా నేర్చుకోండి. తెలుగు సంగతి నాకు వదిలేయండి" అని ఆ జూన్‌లోనే మా వసారాలో చాప పరిచింది. మొదటి రోజు వచ్చింది నలుగురు.

మా వెనక వీధుల్లో పారిశుధ్య పని చేసే తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. తరాల కింద వచ్చి స్థిరపడినవాళ్ళు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ పిల్లలకు చదవడం రాదు. మన సంఘంలోనే చూడండి, యవనస్థులు తెలుగు పాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని పాడతారు. అమ్మకు అది భరించరానిది. అలా రాస్తే 'కల', 'కళ' రెండూ ఒకటే అయిపోతాయి కదా అని అడిగేది. అక్షరాలు 'అ ఆ'లతో మొదలుపెట్టేది కాదు. ముందు పిల్లవాడి పేరు రాయించేది, తర్వాత వాళ్ళ అమ్మ పేరు, ఆ తర్వాత అమ్మమ్మ పేరు. ఆ మూడు పేర్లు పలక మీద పట్టుకుని పిల్లలు ఇంటికి పరుగెత్తేవాళ్ళు. గుణింతాలు చప్పట్లతో చెప్పించేది. చర్చి పిల్లలూ గుడి వీధి పిల్లలూ ఒకే చాప మీద కూర్చునేవాళ్ళు. క్లాసులో మతం మాట ఎత్తేది కాదు. తన ప్రార్థన తెల్లవారుజామున నాలుగున్నరకు, లోపల గదిలో.

అమ్మ పడిపోయాక క్లాసు ఆగిపోతుందనే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ సంగతి నా తలకే రాలేదు. ఆస్పత్రి నుంచి వచ్చిన మూడో రోజు సాయంత్రం వసారాలో అలికిడైతే వెళ్ళి చూశాను. చాప పరిచి ఉంది, పిల్లలు కూర్చుని ఉన్నారు. అమ్మ దగ్గర ఒకప్పుడు అదే చాప మీద నేర్చుకున్న ముగ్గురు అమ్మాయిలు వంతులు వేసుకుని వచ్చారు. ఒకరు బ్యాంకులో పని చేస్తారు, ఒకరు నర్సింగ్ చదువుతున్నారు, ఒకరు చంటిబిడ్డ తల్లి. బిడ్డను ఒళ్ళో పెట్టుకునే పాఠం చెప్పింది. నన్ను ఏమీ అడగలేదు, "అక్కా, మీరు లోపల చూసుకోండి" అన్నారు, అంతే. అయిదు నెలల్లో ఆ క్లాసు ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఆ మొదటి సాయంత్రమే ఇంకొకటి జరిగింది. బయట పిల్లలు చప్పట్లు కొడుతూ క గుణింతం మొదలుపెట్టారు. లోపల మంచం మీద అమ్మ పెదాలు కదిలాయి. "కా... కి... కీ..." రెండు వారాలుగా ఒక్క మాట కూడా పలకని మనిషి చివరిదాకా వాళ్ళతో కలిసి చెప్పింది. ఎప్పటినుంచో నోటికి వచ్చిన వరసలు, పాటలు, ప్రార్థనలు మాట పోయినా ఒక్కోసారి మిగిలి ఉంటాయని ఫిజియో అబ్బాయి తర్వాత చెప్పాడు. మంచినీళ్ళు కావాలని అడగలేకపోయేది, కానీ పరలోక ప్రార్థన మొత్తం చెప్పేది. నన్ను పేరు పెట్టి పిలవలేకపోయింది. గుణింతం మాత్రం రోజూ పలికింది. అమ్మాయిలూ, మీరు ఆ చాప పరవకపోతే అమ్మ గొంతు మేం మళ్ళీ వినేవాళ్ళం కాదు. దీనికి ఎలా కృతజ్ఞత చెప్పాలో నాకు తెలియడం లేదు.

ఎదురింటి అక్క గురించి. అమ్మ రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసేది, ఆదివారం చర్చికి ఇచ్చేది. ఆ అయిదు నెలలు మాకు మధ్యాహ్నం వంట చేసి పెట్టింది ఆ అక్కే. శుక్రవారం శుక్రవారం అమ్మవారి గుడికి వెళ్ళే తమిళ మనిషి. అమ్మ పోయాక వంటింట్లో ఆ డబ్బా మూత తీస్తే అంచు దాకా బియ్యం ఉన్నాయి. అడిగితే, టీచరమ్మ రోజూ తీసేవారు కదా, నేను మానేస్తే ఎలా అంది. ఆ బియ్యం మొన్న ఆదివారం సంఘానికి ఇచ్చాం.

నవంబరులో రెండోసారి స్ట్రోక్ వచ్చి, రాత్రి రెండు గంటలకు అమ్మ ప్రభువునందు నిద్రించింది. కళ్ళు ఇవ్వాలని ఎన్నడో రాసిచ్చిన కార్డు బైబిలు అట్టలో ఉంది. 78 ఏళ్ళు, శుక్లాల ఆపరేషన్ కూడా అయింది, ఇవ్వడం కుదరదేమో అనుకుంటూనే ఐ బ్యాంకుకు ఫోన్ చేశాను. ఆ వేళప్పుడు అక్కడ ఫోన్ ఎత్తిన అబ్బాయి ఎంతో ఓర్పుగా చెప్పాడు. వయసూ శుక్లాల ఆపరేషనూ అడ్డం కావట. ఫ్యాన్ ఆపి, కనురెప్పలు మూసి, తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టమన్నాడు. ఆరు గంటల్లోపు తీయాలన్నాడు కానీ గంటన్నరకే మనుషులు వచ్చారు. అరగంటలో పని అయిపోయింది. అమ్మ ముఖంలో ఏ తేడా లేదు. బయటికి వెళ్ళేముందు వాళ్ళు అమ్మకు చేతులు జోడించి నిలబడ్డారు. మీకు వందనాలు.

పాస్టర్ గారికి, పాస్టరమ్మ గారికి, వర్షంలో సమాధి తవ్విన అన్నలకు, రాత్రంతా పాటలు పాడిన స్త్రీల సమాజం వాళ్ళకు, నేను మర్చిపోయిన ఇంకా ఎందరికో కూడా.

ఒక చిన్న విషయం. కూడిక రోజు మీరు వంటలు తెచ్చిన పాత్రల్లో మూడు స్టీలు డబ్బాలు, ఒక ఇత్తడి గిన్నె మా ఇంట్లోనే ఉండిపోయాయి. గిన్నె అడుగున తెలుగులో పేరు చెక్కి ఉంది, అక్షరాలు బాగా అరిగిపోయాయి. నిన్న క్లాసులో పిల్లలు దాన్ని తిరగేసి, వేలితో తడుముతూ, కూడబలుక్కుని చదివేశారు. ఎవరిదో తెలిసింది అత్తయ్యా, మీదే. సాయంత్రం అయిదున్నర తర్వాత ఏ రోజైనా రండి, వసారాలోనే ఉంటాం.