పార్టీ మారలేదు, ఓటే మారింది

సంపాదకుడు గారికి,

2004లో మా ఇంటి ముందు గడ్డిలో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి బుష్ బోర్డు పాతినవాణ్ణి. ఈ అక్టోబరులో, 2008 అధ్యక్ష ఎన్నికలకు, అక్కడే డెమొక్రాట్ల అభ్యర్థి ఒబామా బోర్డు పాతాను. చూసిన తెలుగు మిత్రులు "ఏమండీ, ఫిరాయించారా?" అని ఆటపట్టిస్తున్నారు. ఫిరాయించడానికి నేనేమన్నా ఎమ్మెల్యేనా? పైగా వర్జీనియాలో ఓటరు నమోదుకు పార్టీ పేరే అడగరు.

ఈసారి రిపబ్లికన్ అభ్యర్థి మెకెయిన్ అంటే గౌరవం తగ్గలేదు. ఈ నెల 10న మిన్నెసోటా సభలో ఒకావిడ ఒబామాను అరబ్బు అంటే, ఆయనే మైకు తీసుకుని, కాదమ్మా, మర్యాదస్తుడు, సంసారి అని సరిదిద్దారు. కానీ లేమన్ బ్రదర్స్ బ్యాంకు దివాలా తీసిన సెప్టెంబరు 15నే ఆయన ఆర్థిక వ్యవస్థ పునాదులు గట్టిగా ఉన్నాయనడం మింగుడుపడలేదు. మా రిటైర్మెంట్ ఖాతా కవరు రెండు వారాలుగా ఫ్రిజ్ మీదే ఉంది. విప్పే ధైర్యం నాకూ లేదు, మా ఆవిడకూ లేదు. 72 ఏళ్ల మనిషి, తన తర్వాతి కుర్చీకి, అంటే ఉపాధ్యక్ష పదవికి, అలాస్కా గవర్నరుగా రెండేళ్లయినా నిండని పేలిన్‌ను ఎంచుకోవడం మరో బెంగ.

19న, బుష్ దగ్గర విదేశాంగ మంత్రిగా చేసిన కోలిన్ పావెల్ ఒబామాకే తన ఓటన్నారు. ఒబామా ముస్లిం కాదు, అయితే మాత్రం తప్పేమిటని అడిగారు. రోజూ బొట్టు పెట్టుకుని ఆఫీసుకెళ్లే మా ఆవిడ అక్కడ టీవీ సౌండు పెంచింది.

పన్నుల దగ్గర నాది ఇప్పటికీ రిపబ్లికన్ లెక్కే. అమెరికా కాంగ్రెసు (చట్టసభ) సీటుకు ఓటు వాళ్లకే. అధ్యక్ష పదవికి మాత్రం, నవంబరు 4న, ఒబామాకు.

- ఒక పాఠకుడు, ఫెయిర్‌ఫాక్స్, వర్జీనియా
(అక్టోబరు 2008)