యోసేపు చేతిలో బరమా, పిల్లాడి చేతిలో కొవ్వొత్తి

అమ్మలూ,

ఆదివారం లూవ్ర్ మ్యూజియంకి వెళ్తున్నానన్నావు కదా. మోనాలిసాని ఎలాగూ చూస్తావు. నా కోసం ఇంకొక్క బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడు. ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ ద లా తూర్ 1642 ప్రాంతంలో వేసిన ‘వడ్రంగి యోసేపు’.

బొమ్మలో ఇద్దరే. యేసుని పెంచిన తండ్రి, ముసలి యోసేపు ముందుకు వంగి బరమాతో దూలానికి బెజ్జం వేస్తున్నాడు. ఎదురుగా చిన్నారి యేసు కొవ్వొత్తి పట్టుకుని కూర్చున్నాడు. చుట్టూ చీకటి. వెనక గోడ ఉందో తలుపు ఉందో కూడా తెలియదు. కొవ్వొత్తి వెలుగు ఎంతవరకు పోతుందో అంతవరకే లోకం.

ఈ పద్ధతిని కియారోస్కూరో అంటారు. ఇటాలియన్‌లో వెలుగు, చీకటి అని. దీన్ని పతాక స్థాయికి తీసుకెళ్ళింది ఇటలీ చిత్రకారుడు కారవాజ్జో. రోమ్‌లో సాన్ లుయిజీ దెయ్ ఫ్రాంచేజీ చర్చిలో ఆయన ‘మత్తయి పిలుపు’ ఉంది, 1599-1600 నాటిది. సుంకరి మత్తయిని యేసు తన వెంట రమ్మని పిలిచే ఘట్టం. అందులో వెలుగు కుడిపక్క నుంచి, బొమ్మ బయటి నుంచి ఏటవాలుగా దూసుకొస్తుంది. సుంకం డబ్బు లెక్కపెట్టుకునే బల్ల దగ్గర మనుషులు ఉలిక్కిపడి చూస్తారు. ఒళ్ళు జలదరించే బొమ్మే, కాదనను. కానీ నాకు లా తూరే దగ్గరివాడు. ఆయన వెలుగు బయటినుంచి రాదు. బొమ్మలోనే ఒకరు దాన్ని పట్టుకుని ఉంటారు.

ఆయన ఉన్న లూనెవిల్ ఊరు 1638లో యుద్ధంలో తగలబడిపోయింది. మంటలు అంత దగ్గరగా చూసిన ఊరివాడు ఇంత నిశ్చలమైన దీపాన్ని వేశాడంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. పోయాక ఆయన్ని జనం దాదాపు మర్చిపోయారు. 1915లో హెర్మన్ ఫోస్ అనే జర్మన్ పండితుడు మళ్ళీ వెలికి తీశాడు.

యోసేపు నుదురు చూడు, ఒక్కో ముడతకీ ఒక్కో నీడ. పిల్లాడి ముఖం మీద మాత్రం నీడే నిలవదు, అంతా వెలుగే. ఆ దూలం రాబోయే శిలువకి గుర్తు అంటారు. అది తెలియకపోయినా ఏదో బెంగ కలుగుతుంది. తర్వాత పిల్లాడి వేళ్ళు చూడు. మంటకి అడ్డం పెట్టిన వేళ్ళలోంచి వెలుగు ఇవతలికి వస్తుంది.

చిన్నప్పుడు కరెంటు పోతే, నేను ఫ్యూజు వేస్తుంటే నువ్వు టార్చి పట్టుకునేదానివి. మధ్యలో దానికి అరచెయ్యి అడ్డం పెట్టి, “నాన్నా, నా వేళ్ళు ఎర్రగా వెలుగుతున్నాయి” అనేదానివి. చీకట్లో పని సాగని టెన్షన్‌లో ఒకసారి కసురుకున్నాను. యోసేపు చేతిలో బరమా ఉన్నా, చూపు పిల్లాడి వైపే ఉంటుంది. ఈ బొమ్మ చూసినప్పుడల్లా ఆ రాత్రి గుర్తొస్తుంది.

నేను చూసిందంతా అచ్చులోనే. ఒక పుస్తకంలో ఆ వేళ్ళు నారింజ రంగులో ఉన్నాయి, ఇంకోదాంట్లో గులాబీ రంగులో. అసలు ఏ రంగో దగ్గర నుంచి చూసి నాకు రాయి.

మీ నాన్న