గడప లోపలి పని లెక్కకెక్కాలంటే

అయ్యా,

నగరంలో ఆడ, మగ ఉద్యోగాల గణాంకాలు వచ్చిన ప్రతిసారీ నిరుద్యోగ రేటు ఒక్కటే పతాక శీర్షికకెక్కుతోంది. అది జనాభాలో శాతం కాదు. పనిచేసేవారు, పని వెతికేవారు కలిస్తే వచ్చే శ్రామిక శక్తిలో శాతం. వందమంది స్త్రీలలో 20 మంది పనిచేస్తూ, ఇద్దరు వెతుకుతుంటే రేటు 9 శాతం. ఆ ఇద్దరూ విసిగి మానుకుంటే సున్నా! కొత్తగా ఒక్కరికీ ఉద్యోగం రాలేదు మరి. దాని పక్కన శ్రామిక భాగస్వామ్య రేటు, అంటే జనాభాలో పనిచేసేవారు, పని వెతికేవారు కలిపి ఎంత శాతమో కూడా వేయండి.

2011 జనగణన ప్రకారం హైదరాబాద్ జిల్లాలో అక్షరాస్యత పురుషుల్లో దాదాపు 87 శాతం, స్త్రీలలో 79. పనిలో తేడా ఇంతకు ఎన్నో రెట్లు. అందులో కొంత వాస్తవం, కొంత అడిగే తీరులోని లోపం. పాతబస్తీలో లక్క గాజులకు రాళ్లు అతికే, మగ్గం వర్క్ చేసే ఇల్లాలి గురించి భర్తనడిగితే ‘ఇంట్లోనే ఉంటుంది’ అంటాడు. కేంద్రం జరిపే శ్రామిక సర్వేలో ‘ఇంటిపనులు’ కోడ్ 92 పడిపోతుంది. నిజానికి పీస్ లెక్కన చేసే ఆ పని స్వయం ఉపాధి. సొంత కిరాణా కొట్టులో జీతం లేకుండా కూర్చున్నా కోడ్ 21 (ఇంటి వ్యాపారంలో సహాయకులు) కింద పనిచేస్తున్నట్టే. సర్వే వారపు లెక్కలో పనిచేసినట్టు రావాలంటే ఏడు రోజుల్లో ఒక్క గంట చాలు.

‘ఉద్యోగం చేస్తున్నారా?’ అన్న ప్రశ్న పనికిరాదు. గత వారం డబ్బుకి ఏమైనా కుట్టారా, అతికారా, వండి అమ్మారా, ట్యూషన్ చెప్పారా అని ఆమెనే అడగాలి.

ఇంకో మాట. జనగణనలో ప్రధాన కార్మికులుగా లెక్కించడానికి ఏడాదిలో ఆరు నెలల పని గీటురాయి. శ్రామిక సర్వే కొలత వేరు. రెండింటినీ ఒకే పట్టికలో పోల్చకండి.

– ఒక పాఠకుడు, హైదరాబాద్