విమానాల లెక్క సరే, జాప్యం లెక్క ఏదండీ?

గౌరవనీయులైన సైమన్ స్టీల్ గారికి,
కార్యనిర్వాహక కార్యదర్శి, ఐక్యరాజ్యసమితి వాతావరణ సచివాలయం, బాన్.

నమస్కారం.

వాతావరణ మార్పు మీద ప్రపంచ దేశాలు ఏటా జరిపే కాప్ సదస్సు దగ్గరపడితే చాలు, ఒక ఎత్తిపొడుపు వినబడుతుంది: "పొగ తగ్గించండని చెప్పడానికి విమానాలెక్కి వెళ్తారు." నేనూ చాలాకాలం ఆ మాటే అన్నాను. ఒకరోజు తీరిగ్గా కూర్చుని లెక్క వేసేసరికి నోరు మూతపడింది.

2021 గ్లాస్గో సదస్సు వల్ల వెలువడే కర్బన వాయువుల మీద ముందే వేసిన అంచనా దాదాపు 1,02,500 టన్నులు. అందులో 60 శాతం విదేశీ విమానాలదే. పెద్ద అంకే. కానీ బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి ప్రపంచం ఏటా వదిలే కార్బన్ డయాక్సైడ్ 3,700 కోట్ల టన్నులు దాటింది. నిమిషానికి 70 వేల టన్నులు పడుతుంది. అంటే గ్లాస్గో పొగంతా కలిపి ప్రపంచానికి ఒకటిన్నర నిమిషం పని. ప్రపంచం ఒక్క రోజు పొగ మానినా వెయ్యి గ్లాస్గోల బాకీ తీరిపోతుంది.

కాబట్టి విమానాల మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. నా ఫిర్యాదు వేరే ఉంది.

1995లో బెర్లిన్ మొదటి సదస్సుకు వచ్చినవాళ్ళు నాలుగు వేలలోపే. 2023 దుబాయ్‌కి 80 వేలు దాటారు. చర్చల బల్ల చుట్టూ కుర్చీలు ఇరవై రెట్లు పెరిగాయా? లేదు, పెరిగింది తిరునాళ్ళ. పెవిలియన్లు, తెరలు, కాఫీ, బొత్తులకొద్దీ కరపత్రాలు. ఆ జనంలో శిలాజ ఇంధన కంపెనీల తరఫున పైరవీ చేసే లాబీయిస్టులే 2,456 మంది అని 'కిక్ బిగ్ పొల్యూటర్స్ అవుట్' కూటమి లెక్కగట్టింది. చాలా దేశాల ప్రతినిధి బృందాలు అందులో ఇరవయ్యో వంతు కూడా ఉండవు.

అలాగని అన్నీ కంప్యూటర్ తెర మీదే కానిచ్చేయమనను. 2021లో కోవిడ్ వల్ల మీ జూన్ సమావేశాలు మూడు వారాలు ఆన్‌లైన్‌లో జరిగాయి. ఎవరికో పగలు, ఇంకెవరికో అర్ధరాత్రి. మాట మధ్యలో లైను పోయేది. మాట్లాడుకున్నారే తప్ప లాంఛనంగా నిర్ణయాలు చేయలేదు. సదస్సు హాల్లో మాత్రం పసిఫిక్‌లోని బుల్లి ద్వీపదేశం తువాలు ముందు పెట్టే నేమ్‌బోర్డు, అమెరికా ముందు పెట్టేదీ ఒకే సైజు. తువాలు దేశపు మంత్రి సైమన్ కోఫే గ్లాస్గో కోసం పంపిన వీడియో గుర్తుందా? కోటు, టై, ముందు పోడియం, మోకాళ్ళ దాకా సముద్రం. 2015 ప్యారిస్ ఒప్పందంలో భూమి వేడి పెరుగుదలకు 1.5 డిగ్రీల హద్దు మాట చేరిందంటే ద్వీపాలు అక్కడ పట్టుబట్టి కూర్చున్నందుకే. ఒప్పందం నాటికి శతాబ్దాంతానికి 3 నుంచి 3.5 డిగ్రీల వేడి అనుకున్నది, ఇప్పటి విధానాలతో 2.8కి దిగిందని మీ ఐక్యరాజ్యసమితి 2025 నివేదికే చెప్పింది. చాలదు, కానీ ఉత్తదీ కాదు.

మరి పని ఎక్కడ ఆగిపోతోంది? సదస్సు నియమావళి ముసాయిదాలో ఓటింగ్ గురించిన 42వ నిబంధన 1995 నుంచీ ఆమోదం లేకుండా పడి ఉంది. అందుకే అంతా ఏకాభిప్రాయం. అంటే కొద్దిమంది కాదంటే అందరూ ఆగాల్సిందే. 'శిలాజ ఇంధనాల నుంచి మళ్ళడం' అన్న ముక్క నిర్ణయంలోకి ఎక్కడానికి 28 సదస్సులు పట్టాయి. 2025లో బ్రెజిల్‌లోని బెలేమ్ సదస్సులో 80కి పైగా దేశాలు దానికి ఒక మార్గసూచీ కావాలన్నాయి. తుది నిర్ణయ పత్రంలో ఆ ఇంధనాల పేరే లేదు. ఏకాభిప్రాయం కుదరనప్పుడు చివరి మార్గంగా అయినా ఓటింగ్ వాడుకోనివ్వండని 2011లో మెక్సికో, పాపువా న్యూ గినియా ప్రతిపాదించాయి. ఆ కాగితం ఏమైందో మా కన్నా మీకే బాగా తెలుసు.

నిబంధన మార్చడం మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. మీ చేతిలో ఉన్నవే రెండు అడుగుతున్నాను. మొదటిది, తిరునాళ్ళను చర్చల నుంచి విడదీసే ఏర్పాటు దేశాల ముందు పెట్టండి. బాన్‌లో ఏటా జూన్‌లో కొన్ని వేల మందితో పని జరుగుతూనే ఉంది కదా. రెండోది లెక్క. 2024 జులై 1న బెరిల్ తుపాను గ్రెనడా దేశంలోని మీ సొంత ద్వీపం కారియాకూను నేలమట్టం చేసింది. జాప్యం అంటే ఏమిటో మీకు ఒకరు చెప్పక్కర్లేదు. విమానాల టన్నులు ఎలాగూ ప్రకటిస్తున్నారు. దాని పక్కనే, నిర్ణయ పత్రంలోని ఏ పేరా ఏ దేశం అభ్యంతరంతో ఎన్ని రోజులు ఆగిందో, ఆ రోజుల్లో ప్రపంచం ఎన్ని టన్నులు వదిలిందో, ఆ పట్టిక కూడా వేయండి.

ఇట్లు,
సదస్సుల ముగింపు ప్లీనరీలను (అన్ని దేశాలూ కూర్చునే సభలను) తెల్లవార్లూ లైవ్‌లో చూసే ఒక పౌరుడు